మేడ మీద వంటగది

కొత్త గోడ కనపడితే చాలు, జానలక్క కుడిచెయ్యి దానంతటదే లేస్తుంది. బొటనవేలు ఒక చోట, చిటికెనవేలు ఇంకో చోట ఆనించి, గొంగళిపురుగు పాకినట్టు గోడ పొడవునా కొలుచుకుంటూ పోతుంది. మూడు జానలకో పెన్సిలు గీత. సంచిలో టేపు లేక కాదు, రెండున్నాయి. ఒకటి పైపులు కోసేటప్పుడు వాడుతుంది. రెండోది ఎవరైనా పెద్దమనిషి వచ్చి పక్కన నిలబడ్డప్పుడు బయటికి తీస్తుంది.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకు కరెంటు పని చేస్తోంది. చుట్టుపక్కల నాలుగైదు వీధుల్లో ఆమె చెయ్యి పడని వంటగది లేదంటే అతిశయోక్తి కాదు. అయినా ఏ ఇంటి కాగితం మీదా ఆమె పేరు ఉండదు. అక్కడుండేది ఆమె బావ సంతకం. అక్క మొగుడు. లైసెన్సు ఆయనది, నిచ్చెన ఎక్కేది ఈమె.

"పని నీది, సంతకం నాది. ఇంతకన్నా న్యాయమైన పంపకం ఎక్కడైనా ఉంటుందా మరదలా?" అని బావ నవ్వేవాడు. జానలక్క కూడా నవ్వేది. నిచ్చెన మీద ఉన్న మనిషికి పోట్లాడటం కుదరదు.

ఆ ఏడాది బావ మోకాళ్ళు మొరాయించాయి. మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. నెలాఖరుతో లైసెన్సు వదిలేస్తున్నానని బావ ఒక సాయంత్రం టీ గ్లాసు కింద పెడుతూ మామూలుగా అనేశాడు. లైసెన్సు లేకపోతే జానలక్క చేసిన పనికి కరెంటు ఆఫీసు కనెక్షను ఇవ్వదు. ఇంకో కాంట్రాక్టరు దగ్గర చేరాలి. వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు నిచ్చెన పట్టుకునే పని ఇస్తారు. ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇంకెవరి నిచ్చెనో పట్టుకోవడం ఆమెకు ఊహలో కూడా మింగుడుపడలేదు.

అందుకే సొంత లైసెన్సుకు అర్జీ పెట్టింది. రాతపరీక్ష మొదటిసారి తప్పింది. ఎర్తింగు ఎలా చేయాలి అని అడిగితే, తను ఎలా చేస్తుందో మూడు పేజీలు రాసింది. వాళ్ళు అడిగింది నిబంధనల పుస్తకంలో ఎలా ఉందని. రెండోసారికి పుస్తకం బట్టీ పట్టింది. ఆమె భర్త వ్యాను నడుపుతాడు, ఇంట్లో వంటా ఆయనదే. కూర కలుపుతూ ప్రశ్నలడిగేవాడు, ఆమె గుమ్మంలో కూర్చుని జవాబులు చెప్పేది.

"ఊళ్ళో వంటగదులన్నీ కళ్ళు మూసుకుని చెప్తావు. మనింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పు చూద్దాం" అన్నాడు ఒకసారి.

"అది సిలబస్‌లో లేదు" అంది.

రెండోసారి గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే. తన పేరుమీద ఒక పని పూర్తిచేసి చూపించాలి. కరెంటు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే మళ్ళీ అడగడానికి ఆరు నెలలు ఆగాలి. వచ్చే ఇన్‌స్పెక్టరును అందరూ టేపాయన అంటారు. ఆయన చొక్కా జేబులో పెన్ను ఉంటుందో లేదో గానీ టేపు మాత్రం ఉంటుంది. మొదటిసారే సంతకం పెట్టిన దాఖలా ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే టీచరమ్మగారింట్లో పని తగిలింది.

టీచరమ్మ నలభై ఏళ్ళు బడిలో చదువు చెప్పి దిగిపోయిన మనిషి. ఇల్లు ఆమె పేరుమీదే ఉంది. కింద ఆమె, మేడ మీద కొడుకూ కోడలూ. కోడలు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్న ఐదుకల్లా బయల్దేరాలి. మేడ మీద ఖాళీగా ఉన్న గదిలో వండుకునే వీలు చేయించుకుంటానంది. టీచరమ్మ సరే అంది. తాపీమేస్త్రి వచ్చి గోడవారగా రాతిగట్టు కట్టాడు. మధ్యలో స్టీలు సింకు బిగించారు. సింకుకు ఎడమపక్క గట్టులో చదరంగా కన్నం కోసి కరెంటు స్టవ్వు దింపారు. కుడిపక్క మిక్సీ, కెటిల్ పెట్టుకోవడానికి మూడడుగుల ఎనిమిదంగుళాల గట్టు మిగిలింది. ఇక వైరింగు కావాలి.

కరెంటు ఆఫీసుకిచ్చే దరఖాస్తు కాగితంలో మొదటి గడి: 'గది ఏమిటి?' పడకగది, వంటగది, సామాన్ల గది, ఇతర గది. ఒకదానికి టిక్కు పెట్టాలి.

"ఇతర గది అని పెట్టు" అన్నాడు బావ. కుర్చీలో కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్నాడు. "ఒక లైను లాగు, రెండు పాయింట్లు పెట్టు. టేపాయనకి చూడ్డానికి ఏమీ ఉండదు. తప్పు పట్టడానికీ ఏమీ ఉండదు. వంటగది అన్నావో, పుస్తకంలో ఆరు పేజీలు మెడకి చుట్టుకుంటాయి."

"స్టవ్వు రాతిలోకి దింపారు బావా. సింకు ఉంది."

"ఉంటే?"

"పుస్తకం అదే కదా అడిగేది. కదలకుండా బిగించిన పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి. రెండూ ఉంటే వంటగదే."

"ఎవరైనా వచ్చి స్టవ్వు పీకి చూస్తారా? ముందు లైసెన్సు చేతికి రానీ, తర్వాత నీతులు చెప్పుకుందువు."

జానలక్క తన కుడిచెయ్యి చూసుకుంది. బొటనవేలు చాచబోయింది. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎప్పటిలాగే.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి అది. ఒక అద్దె వాటాలో సామాన్ల గది అని కాగితం మీద రాసి ఒకే పాయింటు పెట్టారు. పెట్టింది ఆమె, రాసింది బావ. అద్దెకొచ్చినావిడ ఆ ఒక్క పాయింటుకే మూడు తలల ప్లగ్గు తగిలించి స్టవ్వు, కెటిల్, ఫ్రిజ్ అన్నీ దానిమీదే నడిపింది. కాలిన వాసన వస్తోందని ఫోను చేస్తే జానలక్క పరుగెత్తింది. గోడలోంచి ప్లగ్గు లాగేసరికి కరిగిన ప్లాస్టిక్ బొటనవేలికి అంటుకుంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. వేలు మాత్రం అప్పట్నించి పూర్తిగా చాచుకోదు.

దాంతో ఆమె జాన ముప్పాతిక అంగుళం పొట్టిదైంది. అంతకుముందు మూడు జానలంటే నికరంగా రెండడుగులు. పుస్తకం చెప్పే కొలత అదే. వంటగట్టు పొడవునా ఎక్కడ మిక్సీ పెట్టినా రెండడుగుల లోపల ఒక ప్లగ్ పాయింటు ఉండాలి. మిక్సీల తీగలు కావాలనే పొట్టిగా చేస్తారు. పాయింటు దూరంగా ఉంటే జనం జంక్షను బాక్సు తెస్తారు, ఆ తీగ స్టవ్వు మీదనుంచో సింకులోంచో వేలాడుతుంది. ఇప్పుడామె మూడు జానలు ఇరవై రెండంగుళాలకు కాస్త తక్కువ. దూరం తగ్గితే నష్టమేం లేదు గానీ, ఎనిమిదేళ్ళుగా ఆమె చేసిన వంటగదుల్లో చాలావాటికి ఒక పాయింటు ఎక్కువ పడుతోంది.

"టేపు పెట్టి కొలువు తల్లీ, దండం పెడతా" అనేవాడు బావ.

"ఒక పాయింటు ఎక్కువైందని ఎవరిల్లూ కాలిపోలేదు బావా" అనేది ఆమె.

వంటగది గడిలో టిక్కు పెట్టి కాగితం తీసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇంటి యజమాని సంతకం కూడా కావాలి. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని కాగితం పైనుంచి కిందదాకా చదివింది. పరీక్ష పేపరు దిద్దేటప్పటి అలవాటు కాబోలు, వేలు ఒక చోట ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇదేమిటి?"

"వంటగది అండీ."

"చదవడం నాకూ వచ్చు. మేడ మీద వంటగది ఉందని నీకెవరు చెప్పారు?"

"స్టవ్వు గట్టులో దింపారు. సింకు ఉంది."

"అది టీ కాచుకునే గది. ఈ ఇంట్లో వంటగది ఒక్కటే. అది కింద ఉంది. నేను బతికున్నంత కాలం ఒక్కటే ఉంటుంది."

 టీచరమ్మ ఒక పాత సంగతి చెప్పుకొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తవారింట్లో అందరూ ఒకే పొయ్యి మీద తినేవాళ్ళు. పెద్ద తోటికోడలు తన గదిలో పాలు కాచుకుంటానంది. తర్వాత కూర వండుకుంటానంది. ఏడాది తిరిగేసరికి వాకిట్లో అడ్డంగా గోడ లేచింది. అన్నదమ్ములిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పోయారు.

"గోడ కట్టినవాడు మేస్త్రి. కట్టించింది మాత్రం రెండో పొయ్యి" అంది టీచరమ్మ. "టీ గది అని రాసుకురా, సంతకం పెడతాను."

మెట్ల మీదనుంచి కోడలు వింటోంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతిసంచి ఇంకా భుజానే ఉంది.

"అత్తయ్యా, నేనెక్కడికీ పోవట్లేదు. చీకటితోనే కింద మిక్సీ వేస్తే మీరే కదా, ఎవరిల్లు కూలుతోందని అరిచింది?"

"నిద్రలో ఏదో అన్నాను. నిన్నేమన్నా తిట్టానా?"

"తిట్టలేదు. మూడు రోజులు మాట్లాడలేదు."

"గొంతు పట్టేసింది."

"నాతో మాట్లాడటానికే పట్టేసిందా?"

ఆ మాటలు ఎటు పోతాయో తెలిసిన జానలక్క మధ్యలో దూరింది. "టీచరుగారూ, పుస్తకానికి మీ ఇంట్లో ఎవరు ఎవరితో కలిసి తింటారో తెలీదు. తెలుసుకోవాలని కూడా దానికి లేదు. పొయ్యి ఉందా, తొట్టి ఉందా, ఈ రెండే అడుగుతుంది. ఉంటే, గట్టు మీది పాయింట్లకి రెండు వేరువేరు లైన్లు కావాలంటుంది. స్టవ్వుకి సొంత లైను, లావు వైరు. ఫ్రిజ్‌కి ఇంకోటి. తడిచేత్తో ముట్టుకుంటే టక్కున కరెంటు ఆపేసే మీట ఒకటి. టీ గది అని రాస్తే ఇవేవీ అక్కర్లేదు. ఒకే వైరు లాగి వెళ్ళిపోతాను. మీ కోడలు అన్నీ దానిమీదే పెట్టుకుంటుంది. ఆ వైరు గోడలో కాలుతున్నా మనకి కనపడదు."

"భయపెడుతున్నావా?"

జానలక్క కుడిచెయ్యి చాపి చూపించింది. "ఇది సామాన్ల గది అని రాసిన చోటు."

టీచరమ్మ ఆ వేలిని చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను తెమ్మని కోడలికి సైగ చేసింది. సంతకం పెట్టి కాగితం చేతికివ్వకుండా పట్టుకుంది.

"కాగితం మీద నీ ఇష్టం. హాల్లో ఆ మీటల పెట్టె మీద మాత్రం ఆ మాట రాయకు. వచ్చేపోయేవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. చదువుతారు. మాటివ్వు."

"అలాగేనండీ" అంది జానలక్క. సంతకం వచ్చిన సంతోషంలో ఆ మాట ఎంత బరువైందో ఆమెకు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. ఇన్నేళ్ళూ గోడలకు గాడులు కొట్టడం, పైపులు వేయడం, వైర్లు లాగడం, మీటలు బిగించడం ఆమె పని. అంతా అయ్యాక బావ వచ్చి పెట్టె తలుపు తెరిచి, ఏ మీట దేనిదో చీటీలు రాసి అంటించి, సంతకం పెట్టి వెళ్ళేవాడు. చీటీలు రాయడం పెద్దమనిషి పని. అది కూడా వైరింగులో భాగమేనని ఆమె చేతులకు తెలియదు.

పని ఐదు రోజులు పట్టింది. మేడ మీదనుంచి హాల్లోని పెట్టె దాకా కొత్తగా ఐదు లైన్లు దించింది. స్టవ్వుకు ఒకటి, గట్టు మీది పాయింట్లకు రెండు, ఫ్రిజ్‌కు ఒకటి, లైటుకూ ఫ్యానుకూ ఒకటి. సింకుకు కుడిపక్క గట్టును ఎప్పటిలాగే జానలతో కొలిచింది. మూడు జానలకు ఒక పాయింటు. అవతల ఇంకో మూడు జానలు వేస్తే గట్టు చివరికి అర అంగుళం మిగిలిపోయింది. ఆ అర అంగుళం కోసం గట్టు చివరికి ఆరంగుళాలు ఇవతలగా రెండో పాయింటు పెట్టింది. ఫోనులో సంగతి విన్న బావ, "అర అంగుళానికి ఒక పాయింటా? నువ్వు లైసెన్సు తెచ్చుకుంటే ఊళ్ళో గోడలన్నీ చిల్లులే" అన్నాడు.

తనిఖీ రోజు టేపాయన చెప్పిన టైముకు ఐదు నిమిషాల ముందే వచ్చాడు. బక్కపలచటి మనిషి. చెవి వెనక పెన్సిలు. కోడలు టీ ఇవ్వబోతే, "సంతకం పెట్టేదాకా తాగను. తాగాక పెట్టకపోతే బావుండదు" అన్నాడు. టీచరమ్మకు ఆ మాట నచ్చినట్టుంది, వెనకే మేడ మెట్లెక్కింది.

గదిలోకి అడుగుపెడుతూనే జానలక్క ఆగిపోయింది. సింకుకు కుడిపక్క గట్టు పెరిగింది. తను చూసినప్పటికన్నా అడుగున్నర పొడవుగా, గిన్నెల స్టాండు పెట్టుకునేలా, రాయి అతికి ఉంది. రాతి అతుకు దగ్గర సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇది ప్లానులో లేదే" అన్నాడు టేపాయన.

"నిన్న మేస్త్రి వచ్చాడు, ఎలాగూ వచ్చాడు కదా అని నేనే..." అంది కోడలు. జానలక్క ముఖం చూసి మిగతాది మింగేసింది.

"నాకు చెప్పలేదు సార్" అంది జానలక్క.

"చెప్పరు. నా సర్వీసులో ఏ మేస్త్రీ ఏ కరెంటు మనిషికీ చెప్పలేదు." టేపు బయటికొచ్చింది. కొత్త గట్టు చివర ఒక కొస పెట్టి రెండో పాయింటు దాకా లాగాడు. వంగి చూశాడు. మళ్ళీ లాగాడు. "ఇరవై నాలుగు."

టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

"సరిగ్గా రెండడుగులు. సరిపోయింది." పెన్సిలు తీసి పాత అతుకు దగ్గర తట్టాడు. "కానీ పాత గట్టుకి ఈ రెండో పాయింటు అక్కర్లేదు. ఒక్కటి చాలు. ఇది ఎందుకు పెట్టావు? పెంచుతారని నీకు ముందే తెలుసా?"

"లేదు సార్. అర అంగుళం తక్కువొచ్చింది."

"టేపులోనా?"

"చేతిలో."

ఆయన ఆ చెయ్యి చూపించమన్నాడు. గోడకు ఆనించమని, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా టేపు పెట్టాడు. "ఏడుంబావు" అన్నాడు తనలో తను. ఇంకేమీ అనలేదు. స్టవ్వు వైరు లావు చూశాడు. రెండు లైన్లూ వేరో కాదో ఒకదాన్ని ఆపి ఇంకోటి వెలిగించి చూశాడు. పరికరం ఒకటి సాకెట్లో గుచ్చి మీట నొక్కితే గట్టు మీది కరెంటు టక్కున పోయింది. "ఊ" అన్నాడు. ఆయన నోట ఆ అక్షరం వినడానికి మనుషులు ఏళ్ళు ఎదురుచూస్తారని బావ చెప్పేవాడు.

అందరూ కిందికి దిగారు. హాల్లో టేపాయన మీటల పెట్టె తెరిచాడు. పైవరసలో పాత మీటలు. వాటికింద వెలిసిపోయిన చీటీలు: లైట్లు, ఫ్యాన్లు, వంటగది, మోటారు. కిందివరసలో కొత్త మీటలు ఐదు, తళతళలాడుతూ. వాటికింద ఏమీ లేదు.

"వీటి పేర్లేవి?"

బావ గుండ్రటి చేతిరాత జానలక్క కళ్ళముందు ఆడింది. ప్రతి ఇంట్లోనూ ఆఖర్న ఆయన చేసిన పని.

"రాయలేదు సార్."

"రాయని మీట లేని మీటతో సమానం. మిగతాదంతా బావుంది." పెన్ను టోపీ పెట్టేశాడు. "చీటీలు లేకుండా నేను సంతకం పెట్టలేను. ఇది చిన్న తప్పు అనుకుంటారు అందరూ."

సంచిలో ఖాళీ చీటీలు ఉన్నాయి. మార్కరు ఉంది. రెండు నిమిషాల పని. జానలక్క సంచి జిప్పు దాకా చెయ్యి పోనిచ్చి ఆగింది. టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మ గోడ మీద క్యాలెండరు చూస్తోంది.

"ఏమైంది, రాయి" అన్నాడు టేపాయన.

"ఈవిడకి మాటిచ్చాను సార్. వంటగది అన్న మాట ఇక్కడ రాయనని."

ఆరు నెలలు అని మనసులో అనుకుంది. ఆరు నెలలు ఎవరి నిచ్చెనో పట్టుకోవాలి. అయినా చెయ్యి జిప్పు తియ్యలేదు.

"అంకెలు వెయ్యండి" అంది టీచరమ్మ, క్యాలెండరు మీదనుంచి చూపు తిప్పకుండా. "ఒకటి, రెండు, మూడు. ఎవరికి ఏ ఇబ్బందీ ఉండదు."

"అమ్మా, కరెంటు ఆపేసే ఆ మీట మొరాయించిన రోజున, పైన మీ కోడలు తడిచేత్తో ఏదో పట్టుకుంది. వదల్లేకపోతోంది. ఇంట్లో మీరొక్కరే ఉన్నారు. మూడా, నాలుగా?"

"నాలుగు మీటలేం ఖర్మ, మొత్తం ఇంటి కరెంటే ఆపేస్తాను."

"మంచిదే. ఆపండి చూద్దాం."

టీచరమ్మ ఠీవిగా లేచి వచ్చి, వేలు చాపి, ఒక మీట దించింది. పెరట్లో నీళ్ళ మోటారు ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. హాల్లో అందరూ ఆ ఫ్యాను వైపే చూశారు.

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వలేదు. అత్తగారి చెయ్యి ఇంకా ఆ మీట మీదే ఉంది.

"కంగార్లో ఎవరికైనా అంతే" అన్నాడు టేపాయన, మెత్తగానే. "అందుకే పేర్లు. ఇంతకీ ఈ పైవరసలో వంటగది అని ఉంది, అదెక్కడ?"

"అదిగో" అని చూపించింది టీచరమ్మ. గొంతులో పోయిన ధైర్యం కొంచెం తిరిగొచ్చింది. ఆ గదిని నలభై ఏళ్ళుగా అద్దంలా ఉంచింది. ఎవరికైనా చూపించడానికి వెనకాడదు.

టేపాయన గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. చెక్కబల్ల, దానిమీద గ్యాసు పొయ్యి, గోడకు గిన్నెలు. మోకాలెత్తున ఒకే ఒక్క ప్లగ్ పాయింటు. "తొట్టి ఏదమ్మా?"

"పెరట్లో. అంట్లు ఎప్పుడూ బయటే. ఇంట్లో తడి ఎందుకని."

"అయితే పుస్తకం లెక్కలో ఇది వంటగది కాదు."

"ఏమిటీ?"

"తొట్టి బయటుంది. పొయ్యి బల్ల మీద ఉంది, ఎత్తి పక్కన పెట్టొచ్చు. పుస్తకం దీన్ని గది అంటుంది. అంతే."

"నేను నలభై ఏళ్ళుగా వండుతున్నది..."

"బ్రహ్మాండంగా వండి ఉంటారు. దానికి పుస్తకం అడ్డు చెప్పదు. మీ ఇంట్లో వంటగది మాత్రం ఒక్కటే. మేడ మీద."

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. ముఖం ఎర్రబడింది. ఇప్పుడు ఎవరిమీద విరుచుకుపడుతుందోనని జానలక్క సంచి దగ్గరికి లాక్కుంది. కోడలు మెల్లగా అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది.

"అత్తయ్యా, మీరన్నట్టే అయింది. ఇంట్లో వంటగది ఒక్కటే."

"నోర్ముయ్" అంది టీచరమ్మ. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందని అర్థం కావడానికి అందరికీ కొంచెం టైము పట్టింది. "నలభై ఏళ్ళు. గదిలో వండానట, గదిలో" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత జానలక్క వైపు చెయ్యి చాపింది. "ఏదీ, ఆ చీటీలిలా ఇవ్వు."

"నేను రాస్తానండీ. మాట మీరు వదిలేస్తే..."

"నీ రాత ఆ కాగితంలో చూశాను. కోడి గీకినట్టుంది. వచ్చేపోయేవాళ్ళు చదివేది కాస్త చదివేలా ఉండాలిగా."

బల్ల మీద ఐదు చీటీలు పరిచి, బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా రాసింది. మేడ మీద వంటగది, స్టవ్వు. మేడ మీద వంటగది, గట్టు ఎడమ. మేడ మీద వంటగది, గట్టు కుడి. మేడ మీద వంటగది, ఫ్రిజ్. మేడ మీద వంటగది, లైటు, ఫ్యాను. ఏది ఎక్కడ అంటించాలో జానలక్క చూపించింది, ఆమే అంటించింది. అన్నీ అయ్యాక, మొత్తం ఇంటిని ఆపే మీట ఏదని అడిగి, దానికి కూడా ఒక చీటీ రాసింది. దానిమీద పేరు రాసి కింద గీత గీసింది, ఎర్ర పెన్నుతో.

టేపాయన సంతకం పెట్టాడు. పెట్టి, కాగితం జానలక్కకు ఇస్తూ, "చేత్తో కొలవొద్దని పుస్తకంలో ఎక్కడా లేదు. ఎప్పుడూ తక్కువే రావాలి, అంతే" అన్నాడు. అప్పుడు టీ తెమ్మన్నాడు.

టీ మేడ మీద కాచారు. టీచరమ్మ మెట్లెక్కి వెళ్ళి, గట్టు పక్కన నిలబడి, కోడలు కెటిల్ పెట్టడం చూసింది. నీళ్ళు ఎక్కువ పోశావంది. కోడలు కొంచెం ఒంపేసింది.

జానలక్క బయట మెట్ల మీద కూర్చుని బావకు ఫోను చేసింది.

"ఏమయింది?"

"పెట్టాడు."

అవతల బావ గట్టిగా గాలి పీల్చుకున్నాడు. "చీటీలు రాశావా? పొద్దుట్నించీ అదే గుర్తొస్తోంది. అది నేనే కదా ఎప్పుడూ రాసేది, నీకు చెప్పనే లేదు."

"రాయలేదు. వేరేవాళ్ళు రాశారు."

"ఎవరు?"

"ఇంటికొచ్చి చెప్తాను. నీకన్నా బావుంది రాత."

ఫోను పెట్టేసరికి టీచరమ్మ వెనక నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు.

"నా గదిలో" అని ఆ మాటను వత్తి పలికింది, "తొట్టి పెట్టాలంటే ఎన్ని రోజులు పడుతుంది?"

"తొట్టి ప్లంబరు పెడతాడండీ. వైరింగు నాది. గాడులు కొట్టాలి, ఆ మోకాలెత్తు పాయింటు తీసెయ్యాలి. నాలుగు రోజులనుకోండి." ఆగి, అడగాలా వద్దా అని ఆలోచించి, అడిగేసింది. "అప్పుడు రెండు వంటగదులవుతాయి టీచరుగారూ."

"కూడికలు నాకూ వచ్చు" అంది టీచరమ్మ. "కాగితం మీద ఎవరి సంతకం ఉంటుంది?"

"నాదేనండీ."

ఆ రోజు మొదటిసారి ఆ మాట పైకి అంది. చెవులకు కొత్తగా వినపడింది. లేచి కిందికి దిగి, గ్యాసు పొయ్యి ఉన్న గదిలోకి వెళ్ళింది. గోడకున్న గిన్నెలు రెండు తప్పించింది.

"టేపు లేదా నీ దగ్గర?" అడిగింది టీచరమ్మ గుమ్మంలోంచి.

"రెండున్నాయండీ" అంది జానలక్క, గోడకు బొటనవేలు ఆనిస్తూ.